గుండు చేయించుకున్న అమ్మాయి కథ: చివరి సీను దగ్గర ఆగిపోయినాను, సలహా కావాలి

కొర్లగుంట అమ్మాయి

అందరికీ నమస్తే. నేను తిరుపతిలో డిగ్రీ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కింద 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నా. స్క్రిప్టు అంతా అయిపోయింది, చివరి సీను దగ్గర మూడు వారాలుగా ఆగిపోయినాను. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

కథ నాదే. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా అమ్మకి పెద్ద ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకుపోయే ముందు అమ్మ మొక్కుకునింది, బాగై బయటికొస్తే నా కూతురి తలనీలాలు ఇస్తాను స్వామీ అని. తన జుట్టు కాదు, నాది. అప్పుడు నాకు నడుము దాటి జడ ఉండేది. చుట్టాలెవరొచ్చినా "పిల్ల నలుపైనా జుట్టు మాత్రం లక్ష్మీకళ" అనేవాళ్ళు. చిన్నప్పటి నుంచి ఆ మాట విని విని, నాలో బాగుండేది జుట్టు ఒక్కటే అని నేనే నమ్మేసినాను.

అమ్మ బాగైంది. కొండకి పోయినాం. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ ఇచ్చినారు. నాకు గుండు చేసినామె నలభై ఏళ్ళామె, తలంతా నీళ్ళతో తడిపి, జుట్టు రెండు పాయలు చేసి ముడేసింది. మొదటి గీత పడినప్పుడు నొప్పి లేదు, చప్పుడే వినిపించింది. మొత్తం అయ్యాక లేచి నిలబడితే మెడ తేలిగ్గా అయిపోయి తూలినట్టయింది. తిరుగు బస్సు దిగేటప్పుడు, అలవాటుగా జడ ముందుకేసుకోబోయినా. చెయ్యి భుజం మీద ఖాళీగా ఆగిపోయింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ ఒంట్లో ఉంది.

మన ఊళ్ళో గుండు ఎవరికీ వింత కాదు కదా. ఆటోలో పక్కనున్న ముసలాయన నా తల చూసి "గోవిందా" అన్నాడు, అంతే. రెండు నెలల తర్వాత కోచింగ్ కోసం వేరే ఊరి హాస్టల్లో చేరినాను. అక్కడ మొదటి రోజే "ఏమైంది, జబ్బా?" అని అడిగినారు. స్కార్ఫ్ కట్టుకోమని హాస్టల్లో పెద్దామె చెప్పింది, మిగతా పిల్లలు భయపడతారంట. అదే తల, ఊరు మారేసరికి వేరే అయిపోయింది. సినిమాలో నేను చూపించాలనుకున్నది ఇదే.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, ప్రాజెక్టు చూసే సార్ అంటున్నారు: "చివర్లో జుట్టు పెరగాలి, అద్దం ముందు నిలబడాలి, క్లాస్‌మేట్ అబ్బాయి వచ్చి నువ్వు గుండుతో కూడా బాగున్నావ్ అనాలి." లేదంటే కాలేజీ వార్షికోత్సవంలో మైకు ముందు ఆ అమ్మాయి మాట్లాడాలంట. రెండూ నాకు జరగలేదు. జరిగింది ఒకటే, ఒకరోజు స్కార్ఫ్ కట్టుకోవడం మర్చిపోయినాను. సాయంత్రం దాకా మర్చిపోయిన సంగతే గుర్తుకు రాలేదు.

మర్చిపోవడాన్ని ఎట్టా తీస్తారు?

రీలు డబ్బా (చిత్తూరు)

పాపా, నేను 40 ఏళ్ళుగా సినిమాలు చూస్తున్నవాణ్ణి, తీసేవాణ్ణి కాదు. కానీ నీ సార్ చెప్పిన ముగింపు మన తెలుగులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చెప్పగలను.

2015లో 'సైజ్ జీరో' వచ్చింది. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. ఆ రోజుల్లో ఒక పెద్ద హీరోయిన్ ఆ పని చేయడం మామూలు ధైర్యం కాదు, ఆ గౌరవం ఆమెకు ఇవ్వాల్సిందే. బరువు తగ్గిస్తామని డబ్బు గుంజి ప్రాణాల మీదికి తెచ్చే సెంటర్ల మీద ఆ అమ్మాయి పోరాడుతుంది. అదీ బాగుంది. అయినా ఆ పిల్ల మనసులో బాధంతా ఎక్కడ తిరుగుతుంది? ఆ అబ్బాయి తనను చూస్తాడా లేదా అన్నదాని చుట్టే. చివరికి చూశాడు, ప్రేక్షకులకు నెమ్మది. ఒకవేళ చూడకపోతే? ఆ అమ్మాయి విలువ తగ్గినట్టా? నాకు ఆ ప్రశ్న అప్పటి నుంచీ ఉంది.

రంగు సంగతి చూడు. 2020లో 'కలర్ ఫోటో' వచ్చింది, మంచి సినిమా, ఏడ్చినాను. అందులో నలుపు వల్ల బాధపడేది అబ్బాయి. నల్లటి అబ్బాయి కథ మనవాళ్ళు తీయగలిగినారు. 2023లో 'బేబీ'కి వచ్చేసరికి, బస్తీలో ఉన్నప్పుడు హీరోయిన్ ముఖానికి నల్లగా మేకప్ వేసి, కాలేజీకి పోయి మారినాక తెల్లగా చూపించినారు. నిజంగా నల్లగా ఉండే అమ్మాయిని తీసుకుని, చివరి దాకా ఆ రంగులోనే ఉంచి తీసిన ప్రేమకథ ఎన్ని చెప్పగలం? వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

అబ్బాయి చేత ఆ మాట అనిపించొద్దు. నా ఓటు దానికే.

సూటిగా

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు చెప్తా. ఎవరి మనసూ నొప్పించాలని కాదు.

ఒకటి. గుండు అనేది ఆరు నెలల్లో పెరిగిపోయే విషయం. దానికీ బరువుకీ రంగుకీ పోలిక లేదు. రెండు. ఈ 'ఒంటిని ఒప్పుకోవడం' అనే మాట బయటి నుంచి వచ్చి మన నెత్తిన పడిందని నాకు అనిపిస్తుంది. బరువు ఎక్కువుంటే షుగర్ వస్తుంది, మోకాళ్ళు పోతాయి. మా అక్కకి అదే జరిగింది. ఉన్నదున్నట్టు బాగుందని సినిమాలు చెప్తా ఉంటే, ఒళ్ళు చూసుకోవాల్సిన పిల్లలు చూసుకోవడం మానేస్తారు. మూడు. ప్రేక్షకుడు టికెట్ కొనేది కొంచెం సంతోషం కోసం. ఆఖర్న ఎవరో ఒకరు ఆ అమ్మాయిని మెచ్చుకుంటే తప్పేముంది? మెప్పు అందరికీ కావాలి.

నర్సమ్మ

సూటిగా తమ్ముడూ, నువ్వు అడిగిన రెండోదానికి నేను చెప్తా. 16 ఏళ్ళుగా చిత్తూరు జిల్లాలో నర్సు పని చేస్తున్నా, స్కూళ్ళకి పోయి ఆడపిల్లలకి రక్తం పరీక్షలు చేస్తాం.

లావైపోతామని మధ్యాహ్నం క్యారియర్ తెరవకుండా ఇంటికి తీసుకుపోయే పిల్లలు ఎంతమందో నీకు తెలియదు. తొమ్మిదో తరగతి పిల్ల ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోతే, ఏం తిన్నావమ్మా అంటే "నిన్న రాత్రి సగం దోసె" అంది. చేతులు చూస్తే గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. అంటే ఒళ్ళంటే సిగ్గుపడే పిల్ల ఒంటిని బాగా చూసుకోదు. దాన్ని శిక్షిస్తుంది. సిగ్గు పోతేనే తిండి తింటుంది, నడుస్తుంది, నెలసరి సరిగా రాకపోతే నోరు తెరిచి చెప్తుంది. పీసీఓడీ (అండాశయాల్లో వచ్చే హార్మోన్ల సమస్య)తో బరువు పెరిగిన పిల్లలైతే డాక్టర్ దగ్గరికి రావడానికే రెండేళ్ళు ఆలస్యం చేస్తారు, తిడతారేమో అని.

మీ అక్క సంగతికి నిజంగా బాధగా ఉంది. ఆమెను అడుగు, చిన్నప్పుడు ఆమె బరువు గురించి ఇంట్లో ఎట్టా మాట్లాడినారో.

జుట్టు సంగతి: నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. ఆరు నెలలకి చెవి దాకా కూడా రాదు. 17 ఏళ్ళ పిల్లకి ఆరు నెలలు చిన్న కాలం కాదు నాయనా.

ఎడిటింగ్ టేబుల్

మాది తిరుపతే, బైరాగిపట్టెడ. ఇప్పుడు హైదరాబాదులో అసిస్టెంట్ ఎడిటర్‌గా చేస్తున్నా. చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులు పడుకోనివ్వలేదు.

మా దగ్గరికి వచ్చే ఫుటేజీలో హీరోయిన్ మొదటిసారి కనిపించే షాట్ దాదాపు ఒకే రకం. కాళ్ళ దగ్గర మొదలై, నడుము దగ్గర కాస్త ఆగి, ముఖానికి చేరుతుంది. ఎవరూ దురుద్దేశంతో తీయరు, చేతికి అలవాటైపోయింది. 1975లో లారా మల్వీ అనే బ్రిటిష్ ఆవిడ ఒక వ్యాసం రాసింది, సినిమాలో చూసేవాడు మగవాడు, చూపుకి గురయ్యేది ఆడది, కెమెరా కూడా ఆ మగవాడి కన్నే అని. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో మొదలైంది కూడా అదే ఏడాది. ఆ క్రీము 2020లో 'ఫెయిర్' అన్న మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. మన కెమెరా పని మాత్రం పెద్దగా మారలేదు.

నీ కథలో ప్రతి షాటుకీ ఒక ప్రశ్న వేసుకో: ఇప్పుడు చూస్తున్నదెవరు? మొదటి సగమంతా వేరేవాళ్ళు ఆమెను చూస్తున్నారు. చుట్టాలు జడని, హాస్టల్ పిల్లలు స్కార్ఫ్‌ని. కాబట్టి కెమెరా ఆమె మీదే ఉండాలి, కొంచెం ఇబ్బంది పెట్టేంత దగ్గరగా. చివర్లో ఆమె తన ఒంటిని మర్చిపోయింది అంటే, ఆమె చూపు బయటికి తిరిగింది అని కదా అర్థం. అప్పుడు ఆమెను చూపించనే వద్దు. ఆమె దేన్ని చూస్తుందో అది చూపించు. ప్రేక్షకుడు మొదటిసారి ఆమె కళ్ళలో నుంచి ప్రపంచాన్ని చూస్తాడు.

మెట్టుమెట్టుకీ పసుపు (పుత్తూరు)

నాకు సినిమా భాష రాదు. నా అనుభవం చెప్తా, పనికొస్తే తీసుకో.

నాకు 34. పదో తరగతి నుంచీ లావే. బట్టల షాపులో నేను లోపలికి పోకముందే "మీ సైజు రాదు మేడమ్" అనేవాళ్ళు. పెళ్ళిచూపుల ఫోటోలు కూర్చునే తీసేవాళ్ళు, పక్కన పూలకుండీ పెట్టి. అద్దంలో ముఖం వరకే చూసుకునే అలవాటు నాది.

నాలుగేళ్ళ కింద అలిపిరి నుంచి మెట్లపూజ మొక్కుకున్నా. 3,550 మెట్లు. ప్రతి మెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ పెట్టాల. మా వదిన నవ్వింది, గాలిగోపురం దాకా కూడా పోలేవు అని. తెల్లారుజామున మూడు గంటలకు మొదలుపెట్టినా. రెండొందల మెట్లకే తొడలు మంట. గాలిగోపురం దాటినాక నొప్పి ఎక్కడికో పోయింది. మోకాళ్ళ పర్వతం దగ్గర చేతులు రెండూ పచ్చగా, గోళ్ళ నిండా కుంకుమ, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కుతా ఉండా. చుట్టూ ఇంత జనం, నా పిక్కలు కనిపిస్తున్నాయని ఒక్కసారి కూడా తోచలేదు. పైకి చేరి కూర్చుని, నా కాళ్ళని నేనే పట్టుకుని నొక్కుకున్నా. పుట్టినప్పటి నుంచి వాటిని తిట్టినా గానీ, ఇంత దూరం మోసింది అవే కదా అనిపించింది. ఏడుపొచ్చింది.

నన్ను ఎవరూ బాగున్నావ్ అనలేదు ఆరోజు. అనాల్సిన అవసరమే రాలేదు. సూటిగా తమ్ముడికి కూడా ఇదే నా జవాబు.

కొర్లగుంట అమ్మాయి

పుత్తూరు అక్కా, మీ పోస్టు మా టీమ్ అందరికీ చదివి వినిపించినా. కెమెరా చేసే అమ్మాయి సగంలో లేచి బయటికి పోయింది.

ఎడిటింగ్ అన్నా, మీరు చెప్పింది చదవగానే దొరికేసింది అనుకున్నా. తర్వాత ఒక అనుమానం వచ్చింది. హాస్టల్లో నా తల కనిపించకూడదు అని స్కార్ఫ్ కట్టించినారు. ఇప్పుడు సినిమాలో కూడా ఆఖర్న ఆమె కనపడకపోతే, నేనూ దాచినట్టే కాదా?

స్టూడియో అన్న (పాకాల)

ఆ అనుమానం సరైనదే అమ్మణ్ణీ. గుండు తల తెర నిండా కనిపించాల. నేను 20 ఏళ్ళుగా ఓణీల ఫంక్షన్లు, పెళ్ళిళ్ళు ఫోటోలు తీస్తా ఉండా, దాచడం అంటే ఏంటో నాకు తెలుసు. దాచేది నేనే కాబట్టి.

ఫంక్షన్ ముందు రోజు ఫ్లెక్సీ కోసం వస్తారు. "అన్నా, కొంచెం కలర్ పెంచు." పెంచుతా. పోయిన వేసవిలో ఒక అవ్వ, మనవరాలు వచ్చినారు. పిల్లకి 13 ఉంటాయి. తాంబూలం తట్ట పట్టుకున్న ఫోటో ఎంచుకున్నారు. ముఖం తెల్లగా చేసి చూపించినా. అవ్వ చూసి, "ముఖం బాగుండాది, చేతులు నల్లగా ఉండాయే, అవి కూడా చెయ్యి నాయనా" అనింది. నిజమే, ముఖం ఒకరిది చేతులు ఒకరివి మాదిరి ఉంది. వేళ్ళ సందుల్లో, గాజుల మధ్యన, ఒక్కొక్క వేలూ తెల్లగా చేసుకుంటా పోయినా. అరగంట పట్టింది. ఆ పిల్ల నా పక్కనే స్టూలు మీద కూర్చుని కంప్యూటర్ చూస్తా ఉండాది. ఎప్పుడు చేసిందో తెలియదు, తిరిగి చూస్తే రెండు చేతులూ ఓణీ కిందికి పెట్టేసుకుని ఉండాది.

ఆరోజు నుంచి ఎవరైనా అడిగితే వెలుతురు సరిచేస్తా గానీ రంగు మార్చనని చెప్తా ఉండా. కొన్ని ఆర్డర్లు పోయినాయి. పోనీ.

ఇక పని విషయం. నలుపు, చామనఛాయ తెర మీద బూడిదగా కనిపిస్తుందంటే తప్పు ఒంటిది కాదు, వెలుతురు పెట్టేవాడిది. దీనికి పాత చరిత్ర ఉంది. ఫిల్ము రోజుల్లో కొడాక్ వాళ్ళు ల్యాబులకి షర్లీ కార్డు అని పంపేవాళ్ళు, ఒక తెల్ల అమ్మాయి ఫోటో, ఆమె ఒళ్ళు సరిగా వస్తే ప్రింటు సరిగా ఉన్నట్టు. వేరే వేరే రంగుల మనుషులతో కార్డు రావడానికి 1990లు పట్టింది. కాబట్టి:

ఫోన్లో తీస్తున్నావా? బ్యూటీ మోడ్ పూర్తిగా సున్నాకి పెట్టు, కొన్ని ఫోన్లు చెప్పకుండానే నునుపు చేసేస్తాయి. ముఖం మీద వేలు నొక్కిపెట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి, లేదంటే వెనక గోడ తెల్లగా ఉంటే ముఖం మసి అయిపోతుంది. ఎదురుగా లైటు కొట్టొద్దు. పక్కనుంచి కిటికీ వెలుతురు, రెండో పక్క తెల్ల థర్మాకోల్ షీటు చాలు, నల్లటి ఒంటి మీద ఆ అంచు వెలుతురు ఎంత బాగుంటుందో చూడు. గుండు మీద పైనుంచి లైటు పడితే మెరుస్తుంది, గంధం రాస్తే మెరుపు తగ్గుతుంది. కొత్త గుండు రంగు ముఖం రంగు కన్నా కొంచెం లేతగా ఉంటుంది. ఆ గీత మేకప్‌తో కప్పొద్దు.

ఇద్దరాడపిల్లల తల్లి

అందరూ అబ్బాయి గురించి, కెమెరా గురించి మాట్లాడుతున్నారు. నేను నీ తల్లి గురించి అడగాల. సినిమాలో ఆమె ఎవరు? కూతురి జుట్టు తీయించిన కఠినాత్మురాలా?

ఆపరేషన్‌కి పోయే ఆడదాని దగ్గర ఏముంటుంది తల్లీ? నగలు అప్పటికే బ్యాంకులో ఉంటాయి. ఆమె జుట్టు జబ్బుతో సగం రాలిపోయి ఉంటుంది, అది దేవుడికి ఇవ్వడానికి ఆమెకే మనసొప్పి ఉండదు. ఇంట్లో స్వామికి ఇవ్వదగ్గంత గొప్పది నీ జడ ఒక్కటే అనుకుని ఉంటుంది. అది నీది, నిన్ను అడగాల్సింది. ఆ తప్పు తప్పే. కానీ ఆ భయం నీకు తెలియదు. నాకు తెలుసు. నేనూ మొక్కుకున్నా ఒకసారి.

ఆమెకి కూడా ఒక సీను పెట్టు. మాటలు వద్దు.

అవ్వ కథల మనవరాలు

ఈ తల్లి రాసింది చదివినాక మా అవ్వ చెప్పే కథ గుర్తొచ్చింది. ఇది మన కొండ కథే కదా, ఇంతసేపు ఎవరూ ఎత్తలేదే.

స్వామి పుట్టలో ఉన్నప్పుడు పశువులకాపరి గొడ్డలి దెబ్బ తగిలి, తల మీద కొంత మేర జుట్టు ఊడిపోయిందంట. గంధర్వ రాజకుమారి నీలాదేవి అది చూసి, అంత అందమైన ముఖానికి ఆ లోటు ఉండకూడదని తన జుట్టులో పాయ కోసి అక్కడ పెట్టిందంట. ఆడదానికి జుట్టు ఎంత ఇష్టమో తెలుసు, అయినా ఇచ్చావు, ఇక మీద నా భక్తులిచ్చే తలనీలాలన్నీ నీకే అన్నాడంట స్వామి. ఏడుకొండల్లో నీలాద్రి ఆమె పేరే. మొదటి తలనీలాలు ఇచ్చింది ఒక ఆడపిల్ల, ఎవరూ అడక్కుండా, తన చేత్తో.

రెండోది తరిగొండ వెంగమాంబ. మన పాత చిత్తూరు జిల్లా ఆడబిడ్డ, 18వ శతాబ్దం. చిన్న వయసులో మొగుడు పోయినాడు. గుండు చేయించుకోమని పెద్దలందరూ మీదపడినారు. నా భర్త వెంకటేశ్వరుడు, నేను చేయించుకోను అని నిలబడింది. ఆమె రాసిన పద్యాలు ఈరోజుకీ ఉన్నాయి, కొండ మీద రోజూ ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాలహారతి ఇస్తారు.

ఒకామె ఇచ్చింది, ఒకామె ఇవ్వను అనింది. ఇద్దరినీ ఆ కొండ నెత్తిన పెట్టుకునింది. నీ కథలో పిల్ల బాధ గుండు వల్ల కాదు చెల్లీ, నిన్నెవరూ అడగకపోవడం వల్ల. నాకట్లా తోస్తాంది.

జాతర మొక్కు

నేను మామూలుగా ఇక్కడ చదివి పోతా, రాయను. ఇది రాయాలనిపించింది.

నాకు 26. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పోయినేడు మొక్కుకి చీర కట్టినా. ఆడవాళ్ళని చెరిచే పాలెగాణ్ణి వేషాలు మార్చి వెతికి చంపిన తల్లి ఆమె, అందుకే మగవాళ్ళం ఆమె ముందు చీర కడతాం, చిన్నప్పటి నుంచి వింటున్నదే. కట్టినాక తెలిసింది వేరే. గుడి దాకా రెండు వీధులు నడిచినాను. పైట జారుతుందేమో అని చెయ్యి భుజం మీద నుంచి దిగలేదు. నన్ను ఎరిగిన కుర్రాళ్ళే, బైకు ఆపి నడుము చూసి ఏదో అన్నారు. సరదాకే. ఇంటికొచ్చి చీర విప్పినాక కూడా వీపు మీద ఎవరో చూస్తున్నట్టే అనిపించింది.

మా చెల్లెలికి చెప్తే, "నాకు రోజూ అంతే కదన్నా" అనింది, కూరగాయలు తరుగుతానే.

సూటిగా

అందరి మాటలూ చదివినా. నర్సమ్మా, అక్కని అడిగినా. ఆమె ఒక గంట మాట్లాడింది, అది ఇక్కడ రాయను.

అయినా మూడో విషయంలో నా మాట మారదు. ప్రేక్షకుడికి ఆఖర్న ఏదో ఒకటి చేతికి అందాల. మర్చిపోయింది, అయిపోయింది అంటే తెలుగు జనం ఊరుకోరు.

ఎడిటింగ్ టేబుల్

సూటిగా చెప్పినదాంట్లో న్యాయం ఉంది, అందాలి. ఏది అందాలి అన్నదే చూడాలి. స్టూడియో అన్నా, మీ మాటతో నేను పూర్తిగా ఓడిపోయినా. ఆమె తెర మీద ఉండాల్సిందే.

అందరికీ ఒక సినిమా చెప్తా. 'రియల్ విమెన్ హ్యావ్ కర్వ్స్', 2002, దర్శకురాలు పెట్రీసియా కార్డోసో. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ కుటుంబం, బట్టలు కుట్టే చిన్న ఫ్యాక్టరీ. మన నగరి, పుత్తూరు మగ్గాల షెడ్డు లాంటి ఉక్క. బట్టల మీద దుమ్ము పడుతుందని ఫ్యాను కూడా వేసుకోనివ్వరు. లావుగా ఉండే కూతురు అనా ఆ ఉక్కకి తట్టుకోలేక పైబట్ట తీసేస్తుంది. ఒకరి తర్వాత ఒకరు అక్కడున్న ఆడవాళ్ళంతా తీసేసి, ఒకరి పొట్ట మీది చారలు ఒకరికి చూపించుకుని నవ్వుకుంటూ మళ్ళీ మిషన్ల దగ్గర కూర్చుంటారు. ఆ సీనులో మగవాడు లేడు. వాళ్ళు చేసుకుంటున్నది పని. అందుకే అది అసభ్యం కాలేదు. తల్లి మాత్రం సిగ్గు లేదా అని తిట్టి బయటికి పోతుంది. చివర్లో కూతురు చదువుకి న్యూయార్క్ పోయేటప్పుడు కూడా గది తలుపు తీయదు. అనా ఆ ఊరి వీధిలో ఒక్కతే నడుస్తుంది, ఆ నడకతో సినిమా అయిపోతుంది. 2019లో అమెరికా జాతీయ సినిమా భాండాగారంలో దాన్ని చేర్చినారు.

అంటే, ఆమెను చూపించు, కానీ ఏదో పనిలో ఉండగా చూపించు. అద్దం ముందు కాదు. చెల్లీ, నువ్వు స్కార్ఫ్ మర్చిపోయిన రోజు ఏం చేస్తున్నావు? అది చెప్పలేదు నువ్వు.

ఇంకో మాట, సర్టిఫికెట్ గురించి. 2018లో 'ఎయిత్ గ్రేడ్' అని 13 ఏళ్ళ పిల్ల కథ వచ్చింది, మొటిమలతో ఉన్న నిజమైన ముఖం. అమెరికాలో దానికి పెద్దల తోడు లేకుండా పిల్లలు చూడకూడదనే రేటింగ్ ఇస్తే, ఆ వయసు పిల్లలే సొంతంగా చూడలేకపోతారని, నిర్మాణ సంస్థ ఒక రోజు అన్ని వయసులవాళ్ళకీ ఉచితంగా వేసింది. మన దగ్గర 2024 నిబంధనలతో యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గ సినిమా అనే సెన్సార్ సర్టిఫికెట్)లోనే 7, 13, 16 ఏళ్ళు అని మూడు మెట్లు వచ్చినాయి. ఇలాంటి కథలు తీసేవాళ్ళకి ఇప్పుడు కొంత చోటు ఉంది.

కొర్లగుంట అమ్మాయి

ఆరోజు ఏం చేస్తున్నానంటే, సెలవులకి ఇంటికొచ్చినా. అమ్మ మిద్దె మీద వడియాలు పెట్టింది. సాయంత్రం నాలుగున్నరకి కొండ మీద నుంచి మబ్బు దిగి వాన మొదలైంది. ఇద్దరం పరిగెత్తినాం. నేను రెండు చీరల నాలుగు కొసలూ పట్టుకుని వడియాలు మూటగట్టి, గొడుగు లేకుండా మూడుసార్లు కిందికీ పైకీ తిరిగినా. తల మీద చినుకులు నేరుగా పడుతుంటే చల్లగా, చక్కలిగిలిగా ఉంది. ముంజేత్తో తుడుచుకుని మళ్ళీ పరుగు. అంతే అన్నా. సినిమాకి పనికిరాదేమో అని చెప్పలేదు.

ఎడిటింగ్ టేబుల్

అదే తియ్యి.

కొర్లగుంట అమ్మాయి

(రెండు నెలల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. షూటింగ్ అయిపోయింది.

మొదట నా ఫ్రెండ్ చేయాల్సింది. గుండు చేయించుకుంటా అని మొదట్లోనే ఒప్పుకునింది. అవ్వ కథల అక్క పోస్టు చదివినాక ఆమెను మళ్ళీ అడిగినా, నిజంగా నీకు ఇష్టమేనా అని. రెండు రోజులు ఆలోచించి వద్దు అనింది. ఆమె వద్దు అన్నందుకు నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. రబ్బరు టోపీ పెట్టి చూసినాం, స్టూడియో అన్న చెప్పిన అంచు వెలుతురులో అది దొరికిపోయింది.

నాకు ఇప్పుడు వీపు సగం దాకా పెరిగింది. అమ్మతో చెప్పినా, నేనే చేస్తా, మళ్ళీ ఇస్తా అని. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఈసారి మొక్కు ఎవరిది?" అనింది. నాదే అన్నా. కొండకి ఇద్దరమే పోయినాం. నేను తలనీలాలు ఇచ్చినాను. అమ్మ పక్క వరసలో కూర్చుని మూడు కత్తెర్లు ఇచ్చింది. అవేవీ షూట్ చేయలేదు, అక్కడ కెమెరా తీసుకుపోలేదు కూడా. అవి మా ఇద్దరివి.

సార్‌కి చివరి సీను చూపించినా. అబ్బాయి లేడేమ్మా అన్నారు. లేడు సార్ అన్నా. మార్కులు ఇంకా రాలేదు.

వాన సీను నాలుగు టేకులు అయింది. నిజం వాన రాలేదు, మిద్దె మీది ట్యాంకుకి పైపు పెట్టి మా తమ్ముడు పక్కింటి గోడెక్కి కొట్టినాడు. మూడు టేకుల్లో నేను కెమెరా ఎక్కడుందో చూసుకుంటున్నా. నాలుగో టేకులో వడియాల మూట నిజంగానే జారింది, అమ్మ "అయ్యో పట్టుకో మేయ్" అని అరిచింది. ఆ మాట స్క్రిప్టులో లేదు. పట్టుకున్నా, తడిచినవి ఏరినా, తల తుడుచుకున్నా, కట్ చెప్పడం కెమెరా అమ్మాయి మర్చిపోయింది. ఒక నిమిషం పది సెకన్లు ఉంది. ఇద్దరాడపిల్లల అమ్మా, మీరడిగిన సీను ఆ తర్వాత ఉంది. ఇంటి మెట్ల దగ్గర పడిపోయిన స్కార్ఫ్ అమ్మ ఏరి, పిండి, మిగతా బట్టలతో పాటు తీగ మీద ఆరేస్తుంది.

ఎడిటింగ్ అన్నా, వాన చప్పుడు సరిగా రికార్డు కాలేదు, పైపు చప్పుడే వినిపిస్తోంది. మీ దగ్గర ఏమైనా ఉంటే చెప్పండి. హార్డ్ డిస్కు శుక్రవారం రాత్రి బస్సుకి పంపిస్తా.